నాలుగు గడుల్లో పట్టని ఇల్లు

రాఘవేంద్రన్‌కి లోకమంతా నాలుగు గడులుగా కనబడేది. పరిశ్రమ, రవాణా, ఇల్లు, చివరగా ఆఫీసులూ దుకాణాలూ వగైరా. భూమ్మీద ఎక్కడ ఏ దీపం వెలిగినా, ఏ బండి కదిలినా, ఆ ఖర్చు ఈ నాలుగు గడుల్లో ఒకదాంట్లో పడి తీరాలని అతని గట్టి నమ్మకం. సాంబారు ఇంట్లో ఉడికితే ఇల్లు. అదే సాంబారు హోటల్లో ఉడికితే వగైరా. దాన్ని డబ్బాలో కట్టించుకుని బండి మీద తెచ్చుకుంటే దారి పొడుగునా రవాణా. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు సాంబారు గురించి ఇలా ఆలోచిస్తున్నాడంటే ఉద్యోగం ఎంత పని చేస్తుందో చూడండి.

విరుదునగర్‌లో ఓ చిన్న సర్వే కంపెనీలో అతని ఉద్యోగం. ప్రపంచంలో వాడే ఇంధనంలో మూడో వంతు దాకా పరిశ్రమలది, పావు వంతు పైచిలుకు రవాణాది, ఐదో వంతు ఇళ్ళదీ, మిగిలింది వగైరాలదీ అని గోడ మీద ఓ గుండ్రటి బొమ్మ ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళకి కూడా అలాంటి బొమ్మే గీయాలని కంపెనీ ఒప్పుకుంది. మేనేజర్ శివరామన్ ఏసీని పద్దెనిమిదిలో పెట్టుకుని, స్వెటర్ వేసుకుని, కరెంటు పొదుపు గురించి మాట్లాడే మనిషి.

"మన ఆఫీసు చిన్న ముక్కలో ఉంది కదప్పా. మన పాపం కూడా చిన్నదే," అనేవాడు వేడి కాఫీ చేతిలో పట్టుకుని.

ఆయన పంపితేనే ఓ సోమవారం పొద్దున రాఘవేంద్రన్ టాబ్లెట్ చంకలో పెట్టుకుని కోవిల్‌పట్టి నేతగాళ్ళ వీధిలో దిగాడు.

దిగీ దిగగానే చెవులు మూసుకున్నాడు. ముప్ఫై ఇళ్ళు, ఇంటికి నాలుగో ఆరో పవర్‌లూంలు. తెల్లారి ఆరింటికి మొదలైతే ఆ మోత రాత్రి ఎనిమిదికి గానీ ఆగదు. వీధిలో జనం పెదాలతోనూ చేతులతోనూ మాట్లాడుకుంటున్నారు. అతను అరిచి అడిగిన ప్రతి ప్రశ్నకీ ఓ చెయ్యి గాల్లో తిరిగి అతన్ని పక్కింటికి పంపేసింది.

అలా పంపగా పంపగా పొన్నయ్య ఇంటికి చేరాడు. ముందు రెండు గదులు కాపురం, వెనక హాల్లో ఆరు మగ్గాలు. ఓ అమ్మాయి తెగిన పోగు ముడి వేస్తోంది. చేతులకి గ్రీజు, చెవిలో దూది, జడలో ఓ పెన్సిలు. పొన్నయ్య కూతురు గాంధిమతి. బీకాం చదివింది. ఆరు మగ్గాల్లో రెండు పూర్తిగా ఆమె చేతి కిందే నడుస్తాయి.

"మెషీన్లన్నీ పది నిమిషాలు ఆపాలి. మీటరు ఖాళీ రీడింగ్ తీసుకోవాలి," అన్నాడు రాఘవేంద్రన్ తమిళంలో, గొంతు చించుకుని.

ఆమె అతన్ని నఖశిఖపర్యంతం చూసి, గుమ్మంలో ఉన్న తల్లి రాజమ్మాళ్‌ వైపు తిరిగి, ఇంటి భాష తెలుగులో ఇంకా గట్టిగా అరిచింది.

"అమ్మా, ఈయన మొగం చూస్తే మీటరుకే జాలి పుట్టేటట్ల ఉండాది! పది నిమిషాలు ఇస్తాం, రాసుకుని పోనీ!"

"మీటరుకి జాలి పుట్టదండీ," అన్నాడు రాఘవేంద్రన్ తెలుగులోనే. "మేము కూడా ఇంట్లో ఈ తెలుగేదా మాట్లాడేది."

గాంధిమతి మొహం ఎర్రబడింది. రాజమ్మాళ్‌ మొహం మాత్రం దీపావళి అయిపోయింది.

"అయ్యో, మనోళ్ళేనా! చెప్పకుండా నిలబడుండారే! కూర్చోండి తంబీ. ఏ ఊరు? ఇంటిపేరేమి? మీ అమ్మగారిది ఏ ఊరు?"

ఆ ప్రశ్నలు నడుస్తుండగా గాంధిమతి ఒక్కొక్క స్విచ్చే కట్టేసింది. ఆరు మగ్గాలూ ఆగిపోయాయి.

ఇక్కడ రాఘవేంద్రన్‌కి తెలియని సంగతి ఒకటుంది. కరెంటు పోతే ఆ వీధి వీధంతా ఆగుతుంది. వీధంతా మోగుతుండగా ఒక్క ఇల్లు మాత్రం ఆగిందంటే కారణాలు రెండే. ఆ ఇంట్లో చావన్నా జరిగుండాలి, లేదా పిల్లని చూసేందుకు మాప్పిళ్ళ, అదే పెళ్ళికొడుకన్నా వచ్చుండాలి. మూడో కారణం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

పక్కింటి మాయక్కాళ్‌ మొదటి కారణమే అనుకుని, కొంగు నోట్లో కుక్కుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"పొన్నయ్యన్నా! నిన్న సాయంత్రం కూడా బాగానే ఉండావే అన్నా!"

"ఇప్పుడు కూడా బాగానే ఉండానే," అన్నాడు పొన్నయ్య, స్నానాల గదిలోంచి తువ్వాలుతో బయటికొస్తూ.

మాయక్కాళ్‌ ఏడుపు సగంలో ఆపి చుట్టూ చూసింది. కుర్చీలో ఇస్త్రీ చొక్కా కుర్రాడు. చేతిలో కాఫీ. ఎదురుగా రాజమ్మాళ్‌ ఇంటిపేరు అడుగుతోంది. అంతే, మిగిలిన సగం నవ్వుగా మారింది.

"సుబం, సుబం! పెళ్ళి పొణ్ణు ఇట్ల గ్రీజు చేతుల్తోనా వచ్చి నిలబడేది? ఎవరన్నా ఒక మూర మల్లెపూలు తీసుకుని రాండే!"

పది నిమిషాల రీడింగ్ పూర్తయ్యేలోగా నాలుగిళ్ళ నుంచి పూలు, రెండిళ్ళ నుంచి కడలైమిఠాయి అనే పల్లీపట్టీ వచ్చాయి. ఓ ముసలాయన రాఘవేంద్రన్ జీతం అడిగి, విని, ఓదార్పుగా భుజం తట్టాడు. తను సర్వే మనిషినని అతను ఎంత చెప్పినా, అబ్బాయికి సిగ్గెక్కువని వీధి తీర్మానించింది.

గురువారం అతనికి ఫోన్ వచ్చింది.

"సారా? మీ ఖాళీ రీడింగు బాగా వచ్చిందా?"

"వచ్చిందండీ. ఎవరు?"

"గాంధిమతి. మాకూ బాగా వచ్చింది. రేపు నన్ను చూసేదానికి సాత్తూరు నుంచి రావాల్సినోళ్ళు రామని చెప్పేసినారు. ఇంకో మాప్పిళ్ళ వచ్చి కాఫీ తాగి పోయినాడని ఎవరో చెప్పినారంట. ఆ మాప్పిళ్ళ మీరేదా!"

"అయ్యయ్యో! నేనేం చేయాలిప్పుడు?"

"రాండి. వచ్చి, నేను మాప్పిళ్ళ కాదని మా వీధికి మీ నోటితోనే చెప్పి పోండి."

పాపం, వెళ్ళాడు. ముప్ఫై ఇళ్ళకీ వెళ్ళి ముప్ఫై సార్లు చెప్పాడు. పదకొండు కాఫీలు తాగాల్సొచ్చింది. ఒక్కరూ నమ్మలేదు.

"మాప్పిళ్ళ కాదని చెప్పేదానికి ఎవరన్నా విరుదునగరం నుంచి పనిగట్టుకుని వస్తారా తంబీ?" అంది మాయక్కాళ్‌.

గాంధిమతి గుమ్మంలో నిలబడి ఈ ఊరేగింపంతా చూస్తోంది. కోపంగా ఉండాలని గట్టిగానే ప్రయత్నించింది. పదకొండో కాఫీ దగ్గర నవ్వు వచ్చేసింది.

"నిజం చెప్తాను సార్. ఆ సంబందం పోయినందుకు నాకు ఏడుపు రాలేదు. పెళ్ళి అయితే మగ్గం ముట్టుకోకూడదన్నారు వాళ్ళు. ఇంటికి పిల్ల కావాల, పని చేసే పిల్ల వద్దంట. మా నాయన సరి అని తల ఊపేసినాడు."

"మరి నన్నెందుకు వీధంతా తిప్పారు?"

"తిప్పేదానికి కారణం కావాలా? వచ్చినారు కదా, మీ ఫారం ముగించుకుని పోండి."

ఫారంలో ఆ ఇంటికి ఒక్క గడే ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే టాబ్లెట్ ముందుకి కదలదు. రాఘవేంద్రన్ ఉత్సాహంగా పరిశ్రమ మీద వేలు పెట్టబోయాడు.

"ఆగండి," అంది గాంధిమతి. "ఆ మోటారు మీద గిన్నె ఉండాదే, అదేమి?"

"ఇడ్లీ పిండి లాగుంది."

"ఇడ్లీ పిండేదా. మోటారు వేడికి మూడు గంటల్లో పులుస్తుంది. అది పరిశ్రమా, ఇల్లా? మా అమ్మ హాల్లో ఫ్యాను కింద సీరియల్ చూస్తా నూలు కండెలు చుట్టుతుంది. ఆ ఫ్యాను ఏ గడి? మా నాయన గుడ్డ మూట బండిలో తీసుకుపోయి, అదే బండిలో కూరగాయలు తెస్తాడు. పోయేదొక గడీ, వచ్చేదొక గడీనా?"

"ఏదన్నా ఒకటి చెప్పండి, ప్లీజ్. లేకపోతే ఇది కదలదు."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఇల్లని రాస్తే నేను పనేమీ చేయలేదని అర్తం. ఫ్యాక్టరీ అని రాస్తే మాకు ఇల్లే లేదని అర్తం. సాత్తూరోళ్ళు కూడా మీ మాదిరిదా, ఒక గడి చాలన్నారు."

రాఘవేంద్రన్ వేలు గాల్లోనే ఉండిపోయింది. ఇన్ని నెలల్లో ఎన్నో వందల ఇళ్ళని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గడుల్లోకి తోసేశాడు. ఇలా ఎదురు తిరిగి అడిగిన మనిషి ఈమే మొదలు. అడుగుతున్నప్పుడు ఆమె కళ్ళలో ఉన్నది వేళాకోళం కాదని, ఆ రెండు మగ్గాలు పోతాయేమోనన్న భయమని అతనికి అర్థమైంది. అర్థమైన క్షణం నుంచి అతని పని చెడింది.

అప్పుడే వాన పడింది.

కోవిల్‌పట్టిలో వాన అరుదైన చుట్టం. చెప్పకుండా వస్తుంది, వచ్చిన తరువాత గోల చేస్తుంది. వీధిలో గంజి పెట్టిన నూలు చిలపలు కర్రల మీద ఆరుతున్నాయి. తడిస్తే గంజి అంతా పోయి మళ్ళీ మొదటికొస్తుంది. వీధి వీధంతా పరిగెత్తింది. రాఘవేంద్రన్ దగ్గర గొడుగు ఒక్కటే ఉంది. ఓ చేతిలో టాబ్లెట్, అందులో అరవై మూడు ఇళ్ళ సమాచారం. ఎదురుగా గాంధిమతి, రెండు చేతుల నిండా నూలు.

అతను గొడుగు నూలు మీద పట్టాడు.

"సార్, మీ టాబ్లెట్ తడుస్తుండాది!"

"మీ నూలు తడవలేదు కదా?"

ఆ ఇరుకు గొడుగు కింద నూలుకి అటొకరు ఇటొకరు నడుస్తుంటే ఆమె చెంప మీద వాన చుక్క ఒకటి జారింది. అది చెంప మీంచి గడ్డం దాకా వచ్చేసరికి రాఘవేంద్రన్ రెండుసార్లు తడబడ్డాడు.

టాబ్లెట్ అదే సాయంత్రం కన్ను మూసింది. అరవై మూడు ఇళ్ళ సమాచారం ఎక్కడికీ పంపకుండానే దాంతో పాటు పోయింది. సర్వే మళ్ళీ మొదటి నుంచి చేయాలని శివరామన్ గర్జిస్తే, శిక్ష పడ్డవాడు ఎవడూ నవ్వనంతగా రాఘవేంద్రన్ నవ్వాడు.

అలా ఆరు వారాలు నడిచాయి. కొత్త టాబ్లెట్‌లో కోవిల్‌పట్టి పని మాత్రం ఎంతకీ తెమలలేదు. పొన్నయ్య ఇంటి ఫారం రోజూ తెరుచుకునేది, రోజూ ఖాళీగా మూసుకునేది. రాఘవేంద్రన్ పోగు ముడి వేయడం నేర్చుకున్నాడు. వేసిన ముడి ప్రతిదీ గాంధిమతి విప్పి మళ్ళీ వేసేది.

"మీ ముడి చూస్తే గుడ్డ కాదు, దోమతెర అవుతుంది."

"దోమతెర ఏ గడిలోకి వస్తుందంటారు?"

"మీ తలలోకి."

ఓ రోజు అతను శివరామన్ దగ్గర ఇడ్లీ పిండి విషయం కదిపాడు.

"ఇడ్లీ పిండికి గడి లేదప్పా!" అన్నాడు శివరామన్, స్వెటర్ చేతులు కిందికి లాక్కుంటూ. "జపాను పట్టింది. అమెరికా పట్టింది. వరల్డ్ మొత్తం నాలుగు గడుల్లో పట్టింది. మీ కోవిల్‌పట్టిలో ఒక ఇల్లు పట్టలేదా?"

"పట్టడం లేదు సార్. పట్టించినట్టు రాయడం మాత్రం నాకు బాగా వచ్చు. ఆ ఇంటికి అలా రాయలేను."

చివరికి అయిదో గడి ఒకటి పెట్టి 'తేలలేదు' అని రాసుకోమన్నాడు శివరామన్, ఏసీ ఇంకో అంకె తగ్గించుకుంటూ.

ఆ శనివారం మగ్గాల మోతలో, గాంధిమతి పెదాలు చదవడం అప్పటికే బాగా వచ్చిన రాఘవేంద్రన్, తన పెదాలు కూడా ఆమె చదవగలదనే ధైర్యంతో చెప్పేశాడు.

"వీధి చెప్పేది నిజం చేద్దామా? నాకు మీరు కావాలి. మీరు మగ్గం వదలక్కర్లేదు."

ఆమె చేతిలో పోగు తెగింది. ముడి వేసుకుని, తలెత్తి, అతనికి తెలిసేలా నెమ్మదిగా పెదాలు కదిపింది.

"మాట సులువు. మీ ఇంట్లో రెండు మగ్గాలు యాడ పెడతారు? ముందు నేను వచ్చి చూడాల."

ఈ సంగతి విని పొన్నయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"పొణ్ణు పోయి మాప్పిళ్ళ ఇల్లు కొలిచేదా? యాడన్నా ఉండాదా ఇది?"

"ఆయన మన ఇల్లు ఎన్నిసార్లు కొలిచినారు నాయనా? మనం ఒకసారి కొలుస్తాం."

"సరి. ఇదిదా కడసారి. అక్కడ చోటు లేదంటే సాత్తూరోళ్ళ కాళ్ళే పట్టుకుంటాను. ఆ రెండు మగ్గాలూ అమ్మేస్తాను. ఆపైన నువ్వు నోరెత్తకూడదు."

గాంధిమతి సరేనంది. టేపు సంచీలో పెట్టి, ఉందో లేదోనని ఆమె మళ్ళీ మళ్ళీ తీసి చూసుకోవడం పొన్నయ్య చూడలేదు. రాజమ్మాళ్‌ చూసింది.

విరుదునగర్‌లో బస్సు దిగి ఆ ఇంట్లో అడుగు పెట్టగానే తండ్రీ కూతుళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. హాలు నిండా పన్నెండు కుట్టుమిషన్లు. పన్నెండు మంది అమ్మాయిలు జాకెట్లు కుడుతున్నారు. మధ్యలో మెడ చుట్టూ టేపు, నోట్లో గుండుసూదులతో రాఘవేంద్రన్ తల్లి వసంతి. మూలన ఓ మిషన్ బల్ల మీద పప్పు గిన్నె.

గాంధిమతి మెల్లగా రాఘవేంద్రన్ వైపు తిరిగింది.

"సార్, మీ సొంత ఇంటికి ఏ గడి రాసినారు?"

ఆ హాల్లోనే పుట్టి పెరిగినవాడు, మిషన్ల కింద పాకినవాడు, మొట్టమొదటి ఫారం తన ఇంటికే నింపాడు.

"ఇల్లు... అని," అన్నాడు నేల చూస్తూ.

వసంతి నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

"ఇల్లా? ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను ఇక్కడ చేస్తుండేది ఏమిరా? నిన్ను చదివించింది ఏ గడి?"

అతనికి ఆ పూట తలెత్తడానికి చోటు మిగల్లేదు.

గాంధిమతి మాత్రం పని మరిచిపోలేదు. మగ్గాలకని చూపించిన మేడ మీద గది పొడుగూ వెడల్పూ కొలిచింది. నేల మీద మడమతో రెండు దెబ్బలు వేసి చూసింది. మళ్ళీ ఇంకోసారి కొలిచింది. కిందికి దిగి వచ్చి చెప్పింది.

"చోటు ఉండాది. ఈ స్లాబు ఆగదు. మగ్గం ఆడితే ఆరు నెల్లకి బీటలు పడుతుంది. కింద పెట్టాల్సిందేదా."

అందరూ హాలు వైపు చూశారు. పన్నెండు మిషన్లు గడగడా నడుస్తున్నాయి.

"అమ్మా, నాలుగు మిషన్లు పైకి..." అని మొదలెట్టాడు రాఘవేంద్రన్.

"వద్దు," అన్నది వసంతి కాదు, గాంధిమతి. "నాకు చోటు కావాలని ఇంకొకరి పని ఎత్తి పైన పెట్టేది నాకు వద్దు. అప్పుడు నాకూ సాత్తూరోళ్ళకీ వ్యత్యాసం ఏముండాది?"

పొన్నయ్య లేచి తుండు దులుపుకుని భుజాన వేసుకున్నాడు. అతని మొహంలో కోపం లేదు, అలసట ఉంది.

"సరిమ్మా. చూసేసినాము కదా. పద, పోదాం."

గాంధిమతి టేపు చుట్టసాగింది. చుట్టే కొద్దీ అది చిక్కు పడుతోంది. ఎంత తెగిన పోగునైనా కళ్ళు మూసుకుని ముడి వేసే ఆ వేళ్ళకి ఆ రోజు టేపు లొంగలేదు.

వసంతి ఆమెనే చూస్తోంది. ఇన్నేళ్ళలో తన మిషన్లని పక్కకి జరపవద్దని అన్న మనిషి ఆ ఇంట్లో అడుగు పెట్టడం ఆమె చూడలేదు. కట్టుకున్నవాడు కూడా అనలేదు.

"ఇదో, పొన్నయ్యన్నా, కూర్చోండి," అంది. "ఈ పిల్ల మగ్గం వదలదు. నేను మిషన్లు వదలను. ఈ ఇంట్లో కదిలేది వీడొకడేదా. వీణ్ణి తీసుకుపోండి."

"ఏమి?" అన్నాడు పొన్నయ్య. "ఇల్లరికమా? వీధి ఏమంటుంది?"

"వస్తాను," అన్నాడు రాఘవేంద్రన్.

ఆలోచించి అన్నట్టు లేదు. ఆలోచించాల్సిన పని అతనికి ఆరు వారాల కిందటే, గొడుగు దగ్గరే తీరిపోయింది.

"మామా, నేను మీ ఇంటికి వస్తాను. అక్కడి నుంచి రోజూ ఆఫీసుకి పోయి వస్తాను. ఆదివారం మేమిద్దరం ఇక్కడికి వస్తాము. అమ్మకి మా మొగాలు చూసే తీరిక ఉంటే చూస్తుంది."

"ఆదివారం పెళ్ళి జాకెట్లు ఎక్కువ. సాయంత్రం రాండి," అంది వసంతి.

గాంధిమతి చిక్కుపడ్డ టేపు అలాగే పట్టుకుని అతని ముందుకి వచ్చి నిలబడింది. కళ్ళు నిండుగా ఉన్నాయి. నోరు మాత్రం ఊరుకోలేదు.

"కోవిల్‌పట్టి నుంచి విరుదునగరానికి యాబై కిలోమీటర్లు. పోయేది ఆఫీసు పని, సరి. సాయంత్రం వచ్చే పెట్రోలు ఏ గడిలో రాస్తారు? రవాణానా?"

"ఇల్లు," అన్నాడు రాఘవేంద్రన్.

ప్రపంచంలో ఏ సర్వే కంపెనీ ఒప్పుకోని జవాబు అది. గాంధిమతికి మాత్రం అంతకన్నా సరైన జవాబు ఎవరూ ఇవ్వలేదు. ఆమె తండ్రి వైపు తిరిగి, పన్నెండు మిషన్ల మోతలో కూడా వినబడేంత గట్టిగా చెప్పింది.

"నాయనా, సాత్తూరుకి ఫోన్ చేయొద్దు. నాకు ఈయన కావాల."

పొన్నయ్య తుండు తీసి మోకాలి మీద పెట్టుకుని మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. వసంతి అతనికి కాఫీ తెమ్మని కొడుకునే వంటింట్లోకి పంపింది.